నంబర్లు అయిపోయిన కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, కాటన్ దొర గురించో పుష్కరాల గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. అవి ప్రతి సంచికలోనూ వస్తున్నవే. నేను ఈసారి నంబర్ల చరిత్ర వ్రాయదలచాను. సర్వీసంతా నంబర్లు వేయడంతోనే గడిచిన గుమాస్తాను కనుక ఆ విషయం మీద నాకు కొంత హక్కు ఉన్నదనే అనుకుంటున్నాను.

ఆఫీసుకు తపాలు వస్తే మొదట చేసే పని దానికి నంబరు వేయడం. నంబరు లేని కాగితం ఆఫీసులో ఉన్నా లేనట్లే లెక్క. అయితే తపాలు రిజిస్టరులో జనవరి ఒకటో తేదీన మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాం కాబట్టి నంబర్లు అయిపోవడమనే ప్రశ్న మనకు రాలేదు. భూముల నంబర్లతో అలా కుదరదు. సర్వేనాడు ఒక చేనుకు 142 అని నంబరు పడితే అది శాశ్వతం. అన్నదమ్ములు పంచుకుంటే 142/1, 142/2 అయింది. వారి పిల్లలు పంచుకుంటే 142/2ఎ, 142/2బి అయింది. వారి అల్లుళ్ళు ఇళ్ళ స్థలాలు వేస్తే 142/2బి3 దాకా వెళ్ళింది. ఎఫ్.ఎం.బి. పుస్తకంలో గీత మీద గీత పడి, ఏ గీత ఎవరిదో సర్వేయరుకు కూడా తెలియని స్థితి మన డెల్టా గ్రామాల్లో ఎంతమంది చూడలేదు? ఈ మధ్య, 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో, పూర్తయిన గ్రామాలకు పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. దస్తావేజులో పాత నంబరు, పాసుపుస్తకంలో కొత్త నంబరు. రెంటినీ కలిపి చూసుకోవలసిన అవస్థ రైతుది.

టెలిఫోను సంగతి చూడండి. రాజమండ్రిలో ఒకప్పుడు అయిదంకెల నంబర్లు ఉండేవి. తరువాత ఆరంకెలు వచ్చాయి. ఆ తరువాత అన్నింటికీ ముందు 2 చేర్చి ఏడంకెలు చేశారు. 0883లో మొదటి సున్నా తీసేసి లెక్కపెడితే మొత్తం పది అంకెలు. ఆ ఒక్క 2 కోసం ఊరంతా లెటరుహెడ్లు, దుకాణాల బోర్డులు మార్చుకున్నారు. మొదట్లో సెల్ నంబర్లు 98తోను 94తోను మొదలయ్యేవి. అవి చాలక 8, 7, 6 కూడా వచ్చాయి. 2021 జనవరి 15 నుంచి ల్యాండులైను మీద సెల్లుకు చేయాలంటే ముందు సున్నా కొట్టాలన్నారు కదా, ఆ ఒక్క ఏర్పాటు వలన భవిష్యత్తుకు 254 కోట్ల కొత్త నంబర్లు మిగులుతాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. బండ్లకు తూర్పు గోదావరిలో ఏపీ 05, పశ్చిమలో ఏపీ 37 అని చూడగానే జిల్లా తెలిసేది. 2019 జనవరి నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్నారు. ఇప్పుడు బండిని చూసి మనవాడో కాదో చెప్పలేం.

ఇవన్నీ మనం చూసినవే. కానీ మనలో చాలామందికి తెలియకుండా, మన జేబుల్లోనే, వీటన్నింటి కంటె పెద్ద నంబర్ల కరువు ఒకటి వచ్చింది, దానికి విరుగుడూ వచ్చింది. అది ఇంటర్నెట్టు చిరునామాల కరువు. హైదరాబాదులో నెట్‌వర్కు ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు ఓ సంక్రాంతికి వచ్చినప్పుడు, "తాతయ్యా, మీ సర్వే నంబర్ల గొడవే మాదీను" అన్నది. అప్పటినుంచి దీని వెంట పడ్డాను.

ఇంటర్నెట్టులో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నంబరు కావాలి. దానిని ఐపీ అడ్రసు అంటారు. ఉత్తరం మీద చిరునామా లేకపోతే పోస్టుమాను ఏం చేస్తాడు? ఇదీ అంతే. మనం ఫోనులో ఒక బొమ్మ చూడాలంటే, "ఫలానా బొమ్మ పంపండి, నా చిరునామా ఇది" అని మన ఫోను అడుగుతుంది. అవతలి యంత్రం ఆ చిరునామాకే పంపుతుంది. పాత పద్ధతిలో ఈ నంబరు నాలుగు భాగాలు, మధ్య చుక్కలు. ఒక్కొక్క భాగం సున్నా నుంచి 255 వరకు ఉండవచ్చు. అంటే 256ను నాలుగుసార్లు వేసి గుణిస్తే ఎంతో అన్ని చిరునామాలు: 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంతకు మించి ఒక్కటి కూడా లేదు.

ఈ లెక్క 1977లో నిర్ణయమైంది. అమెరికా రక్షణ శాఖ ఖర్చుతో నడిచిన పరిశోధనలో వింటన్ సెర్ఫ్ అనే ఆయన ఈ పరిమాణాన్ని ఖాయం చేశారు. అది ప్రయోగమేననీ, ఆ ప్రయోగం ఆగకుండా అదే అసలు ఇంటర్నెట్టు అయిపోయిందనీ ఆయనే తరువాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆయనను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. అప్పటి ప్రపంచ జనాభా సుమారు 420 కోట్లు, అంటే పుట్టినవాడికల్లా ఒక నంబరు. ఒక కంప్యూటరుకు ఒక గది కావలసిన రోజుల్లో ఇంతకంటె ఎవరు ఊహిస్తారు? 1981 సెప్టెంబరులో ఆ పద్ధతి నియమావళిగా వెలువడింది. దానినే నాలుగో సంఖ్య ప్రోటోకాల్ అంటున్నారు. 1983 జనవరి 1వ తేదీన, అంతకుముందున్న పద్ధతి ఆపేసి అందరూ ఒకేరోజున దీనికి మారారు. అప్పటికి ఆ నెట్‌వర్కులో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు మాత్రమే కాబట్టి అది సాధ్యమైంది.

ఇక్కడ ఒక మనిషి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ నంబర్లన్నీ ఎవరికి ఏది ఇచ్చారో రిజిస్టరు వ్రాసిన వాడు జాన్ పోస్టెల్. 1972లో, నంబర్లు ఎవరికి తోచినట్లు వారు వాడుకుంటే గందరగోళమవుతుంది, ఎవరో ఒకరు లెక్క వ్రాయాలి, ఆ పని నేనే చేస్తానేమో అన్నట్లుగా ఒక నోటు పంపాడు. ఆ తరువాత కాలిఫోర్నియాలోని విశ్వవిద్యాలయ సంస్థలో కూర్చొని సుమారు పాతికేళ్ళు ఆ లెక్క వ్రాశాడు. 1998 అక్టోబరు 16న పోయాడు. ఆయన పనికి ఇప్పుడు పెద్ద సంస్థలు, బోర్డులు, దేశదేశాల సమావేశాలు ఉన్నాయి. గడ్డం పెంచుకొని సన్యాసిలా ఉండే ఆ మనిషి ఫోటో చూసినప్పుడు, ప్రపంచానికంతటికీ కరెంటు రిజిస్టరు వ్రాసిన గుమాస్తా ఈయనేగదా అని నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

అయితే రిజిస్టరు ఎంత చక్కగా వ్రాసినా, పంపకం మొదట్లో ధారాళంగా జరిగింది. మొత్తం నంబర్లను 256 పెద్ద కట్టలుగా చూడండి. ఒక్కొక్క కట్టలో 1 కోటి 67 లక్షల 77 వేల 216 నంబర్లు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు ఒక కట్ట, ఫోర్డు కార్ల కంపెనీకి ఒక కట్ట, ఐబీఎంకు ఒకటి, ఆపిల్‌కు ఒకటి, అమెరికా తపాలా శాఖకు ఒకటి, ఇంగ్లండు రక్షణ శాఖకు ఒకటి. అడిగినవాడికి లేదనలేదు. ఈనాటికీ నూట నలభై కోట్లు దాటిన మన దేశం మొత్తానికి ఉన్న పాత చిరునామాలు సుమారు నాలుగు కోట్లు. అంటే ఒక్క కాలేజీకి ఒకప్పుడు ఉన్నదాంట్లో రెండున్నర రెట్లు కూడా మన దేశానికి లేదు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు వచ్చిందే 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా, నాలుగు మహానగరాల్లో. మనం వెళ్ళేసరికి కాలువకు దగ్గరి పొలాలన్నీ పట్టాలైపోయాయి. మనకు శివారు మిగిలింది.

పెద్ద కట్టలు కాక, 65,536 నంబర్ల మధ్య రకం కట్టలు, 256 నంబర్ల చిన్న కట్టలు కూడా ఉండేవి. రెండువేలు కావలసిన సంస్థకు 256 చాలవు గనుక 65,536 ఇచ్చేవారు. మిగతా అరవై మూడు వేలూ బీడు. 1990 దాటేసరికి మధ్య రకం కట్టలు కరిగిపోతున్నాయని గుర్తించారు. అప్పుడు మూడు పనులు చేశారు. 1993లో, ఈ మూడు రకాలూ తీసేసి ఎవరికి ఎంత కావాలో అంతకే కొలిచి ఇచ్చే సబ్-డివిజన్ పద్ధతి తెచ్చారు. అది మన ఎఫ్.ఎం.బి. గీతలే. 1994లో రెండో ఉపాయం ఒకటి బయటకు వచ్చింది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1995 డిసెంబరులో మూడోది, కొత్త ప్రోటోకాల్ మొదటి ముసాయిదా నియమావళి.

రెండో ఉపాయానికి మన భాషలో చక్కటి మాట ఉంది: కేరాఫ్. కాకినాడలో చదువుకునే రోజుల్లో మనకు సొంత చిరునామా ఉండేదా? "కేరాఫ్ హాస్టలు వార్డెను" అంటే ఉత్తరం వచ్చేది. లోపల ఎంతమంది ఉన్నా బయటకు ఒకటే చిరునామా. ఇంటర్నెట్టులోనూ ఇంట్లోని పది యంత్రాలకు బయటకు ఒక్క నంబరే కనిపించేలా, వార్డెను పని చేసే పెట్టె ఒకటి గుమ్మంలో పెట్టారు. మన ఇళ్ళలో మినుకుమినుకుమంటూ గోడకు వేలాడే వైఫై పెట్టె అదే. ఇది తాత్కాలికమనే అనుకొని చేశారు. తాత్కాలిక ఉద్యోగి ముప్ఫై ఏళ్ళు సర్వీసులో ఉండటం మనం చూడనిది కాదు.

నంబర్లు మరీ కరువయ్యాక, ఒక ఇంటికి ఒక నంబరు కూడా ఇవ్వలేక, కంపెనీలు ఊరుకు ఒక వార్డెనును పెట్టాయి. కొన్ని వందల, ఒక్కొక్కప్పుడు వేల ఖాతాదారులు ఒకే నంబరు మీద బయటకు వెళతారు. దీని వలన వచ్చే చిక్కులు పింఛనుదారులకు కూడా తగులుతాయి. హాస్టలులో ఒక కుర్రవాడు తగాదా చేస్తే హాస్టలంతటికీ చెడ్డపేరు వచ్చినట్లు, ఆ నంబరు వాడే వారిలో ఒకడు దొంగపని చేస్తే, అవతలివారు ఆ నంబరునే నిరోధిస్తారు. ఏ పాపమూ ఎరుగని మనకు "మీరు మనిషేనా, యంత్రమా" అనే పరీక్షలు మాటిమాటికీ వస్తాయి. మోసపోయిన పెద్దమనిషి ఫిర్యాదు ఇస్తే, పోలీసులకు ఒక్క నంబరు దొరికినంత మాత్రాన దొంగ దొరకడు. ఆ క్షణంలో ఆ నంబరు మీద వెళ్ళిన వందలమందిలో వాడెవడో, కంపెనీ లెక్కలో నిమిషాలు, సెకండ్లు, ద్వారం నంబరుతో సహా సరిచూడాలి. పింఛను డబ్బు పోగొట్టుకున్నవాడికి ఆ ఆలస్యం ఎంత ఖరీదో చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. వార్డెను చేతిలో ఉన్న హాస్టలు నుంచి మనం ఉత్తరం వ్రాస్తే జవాబు వస్తుంది గాని, బయటివాడు ముందుగా మనల్ని వెతుక్కుంటూ రాలేడు. మన సభ్యులలో చాలామంది పిల్లలు డల్లాసులోనో మెల్బోర్నులోనో ఉన్నారు. అమ్మానాన్నలు ఎలా ఉన్నారో చూడటానికి వీధి గుమ్మంలో, హాలులో కెమెరాలు పెట్టిస్తున్నారు. డల్లాసు నుంచి కుర్రవాడు అమలాపురంలోని కెమెరాను సూటిగా పిలవలేడు, దానికి సొంత చిరునామా లేదు కనుక. ఆ బొమ్మ కెమెరా అమ్మిన కంపెనీ కంప్యూటరు అనే మధ్యవర్తి ద్వారా వెళుతుంది. మనం హాలులో కూర్చొని కాఫీ తాగడం ఏ దేశంలోని ఏ యంత్రం గుండా పోతున్నదో మనకు తెలియదు. పాత చిరునామాల కరువుకు మనం చెల్లిస్తున్న వెలల్లో ఇదొకటని నా అభిప్రాయం.

ఇక కరువు తేదీలు. 2011 ఫిబ్రవరి 3న, అమెరికాలోని మయామీలో జరిగిన సభలో, కేంద్ర ఖజానాలోని ఆఖరి అయిదు పెద్ద కట్టలను ప్రపంచంలోని అయిదు ప్రాంతీయ సంస్థలకు తలా ఒకటి ఇచ్చేశారు. కేంద్రంలో నిల్వ నిల్. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో ఉంది. అక్కడ రెండున్నర నెలలకే, 2011 ఏప్రిల్ 15న, మామూలు నిల్వ అయిపోయి రేషను మొదలైంది. ఎంత పెద్ద సంస్థ అయినా ఆ కట్టలోంచి 1,024 నంబర్లకు మించి లేదు. 2019లో దానిని 512కు తగ్గించారు. యూరపులో 2012లో, అమెరికాలో 2015లో ఇదే గతి పట్టింది. రేషను వచ్చిన చోట నల్లబజారు కాకపోయినా బజారు వస్తుంది కదా. దివాలా తీసిన నార్టెల్ కంపెనీ నుంచి మైక్రోసాఫ్టు వారు 2011లో 6,66,624 నంబర్లను 75 లక్షల డాలర్లకు కొన్నారు. అంటే నంబరు పదకొండు డాలర్ల పైచిలుకు. 2021 నాటికి ఆ ధర యాభై డాలర్ల దాకా వెళ్ళింది. ఉచితంగా పట్టా పొందిన ఆ విద్యాసంస్థ కూడా 2017లో తన కట్టలో సగం దాకా అమెజాన్‌కు అమ్ముకున్నది. డీ-పట్టా భూమి అమ్మితే మన తాసీల్దారు ఊరుకునేవాడా!

కొత్త పద్ధతికి వద్దాం. దీనిని ఆరో సంఖ్య ప్రోటోకాల్ అంటారు. నాలుగు తరువాత ఆరేమిటని నేనూ అడిగాను. అయిదు అనే సంఖ్యను అంతకుముందే వేరే ప్రయోగానికి కేటాయించారట. రిజిస్టరులో ఒకసారి పడిన నంబరును మళ్ళీ వాడరాదు గదా, సరైన పద్ధతే. ఇందులో చిరునామా ఎనిమిది భాగాలు, మధ్య రెండేసి చుక్కలు, అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు. మొత్తం ఎన్ని చిరునామాలంటే 340 వేసి పక్కన 36 సున్నాలు. ఆ సంఖ్యను ఊహించే ప్రయత్నం మానుకున్నాను. ఇంకో విధంగా చెబుతాను. కొత్త పద్ధతిలో ఒక్క ఇంటికి తక్కువలో తక్కువ ఇచ్చే వాటా, పాత ఇంటర్నెట్టులోని 429 కోట్ల నంబర్లను మళ్ళీ 429 కోట్లతో గుణిస్తే వచ్చినంత. పంచుకునే అన్నదమ్ములు ఎంతమంది వచ్చినా భయం లేదు.

మరి 1995లో తయారైనది అమలు కావడానికి ఇన్నేళ్ళెందుకు? పాత యంత్రాలకు కొత్త చిరునామా చదవడం రాదు. ఆరు గళ్ళు అచ్చువేసిన పిన్‌కోడు స్థలంలో ఇరవై అంకెలు వ్రాయమంటే ఎలా? 1983లోలాగా ఒకరోజు ముహూర్తం పెట్టి అందరూ మారడానికి ఇప్పుడు వందల కోట్ల యంత్రాలు ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు మన పెద్దలు ఎలా చేశారో గుర్తున్నదా? అణాలు, నయాపైసలు రెండూ కొన్నేళ్ళు చెల్లాయి. అర్ధరూపాయి యాభై పైసలకు సరిగా సరిపోయింది గాని, అణాకు ఆరుంపావు పైసలు రావడంతో కొట్టువాడు ప్రతిసారీ పావు పైసను తన వైపే లాక్కునేవాడు. ఇంటర్నెట్టులోనూ అదే దారి పట్టారు. ఒకే యంత్రం రెండు చిరునామాలూ పెట్టుకుంటుంది. అవతలివాడికి కొత్త భాష వస్తే కొత్తదానిలో, రాకపోతే పాతదానిలో మాట్లాడుతుంది. పాత భాష మాత్రమే తెలిసినవాడితో పని పడితే మధ్యలో దుబాసీ యంత్రం తర్జుమా చేస్తుంది.

ధవళేశ్వరంలో మనకు దీనికి సాక్ష్యం ఉన్నది. 1852లో పూర్తయిన ఆనకట్ట బలహీనపడినప్పుడు దానిని పడగొట్టి, కాలువలు ఎండగట్టి, తరువాత కొత్తది కట్టలేదు. దాని పక్కనే 1970లలో బ్యారేజీ పని సాగినంత కాలమూ పాత ఆనకట్టే డెల్టాకు నీరిచ్చింది. 1982లో బ్యారేజీ పూర్తయ్యాక భారం దాని మీదకు మారింది. పొలంలోని రైతుకు ఏ గట్టు మీది నీరు వస్తున్నదో తెలియవలసిన అవసరమే కలగలేదు.

2011 జూన్ 8న గూగుల్, ఫేస్‌బుక్, యాహూ వంటివారు ఒక్కరోజు పరీక్షగా కొత్త చిరునామాలు తెరిచి చూశారు. 2012 జూన్ 6 నుంచి శాశ్వతంగా తెరిచారు. మన కేంద్ర టెలికాం శాఖ 2010లో ఒక ప్రణాళిక, 2013లో రెండో ప్రణాళిక విడుదల చేసింది. ప్రణాళికలలో గడువులు వ్రాయడం, గడువులు పొడిగించడం ఎలా ఉంటుందో మనకు కొత్త కాదు. పని నిజంగా నడిచింది 2016 సెప్టెంబరు 5న జియో ఫోన్లు వచ్చాక. కోట్ల ఖాతాదారులను ఒక్కసారిగా చేర్చుకోదలచిన కొత్త కంపెనీకి పాత చిరునామాలు ఎక్కడ దొరుకుతాయి? తప్పనిసరై కొత్త పద్ధతి మీదే కట్టుకున్నది. తరువాత మిగతావారూ వచ్చారు. ఇప్పుడు కొత్త ప్రోటోకాల్ వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉంది, మూడింట రెండు వంతులు దాటిపోయింది. ప్రపంచం మొత్తం ఇంకా సగం దగ్గర ఉన్నది. శివారు భూమి దక్కినవాడే మెరక చేసి ముందు ఇల్లు కట్టుకున్నట్లయింది.

అదే 2016 డిసెంబరులో మన సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబరు తీగ ఇచ్చారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే ఫోను, టీవీ, ఇంటర్నెట్టు మూడూ అన్నారు. జీడిపప్పు ఒలిచే ఇంటిలో టీవీ పెట్టెకు ఒక నంబరు, ఫోనుకు ఒకటి, పిల్లవాడి కంప్యూటరుకు ఒకటి. ఇలాంటి ఊళ్ళు దేశమంతా లెక్కవేసుకుంటే నాలుగు కోట్లు ఏ మూలకు?

సభ్యులకు ఒక మనవి. ఈ మార్పు కోసం మనం చేయవలసిన దరఖాస్తు గాని, కట్టవలసిన రుసుము గాని ఏదీ లేదు. ఎవరైనా ఫోను చేసి "మీ ఐపీ అడ్రసు గడువు అయిపోయింది, మార్చుకోకపోతే లైఫ్ సర్టిఫికెట్టు చెల్లదు, వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటే వెంటనే పెట్టేయండి. జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్టుకు మీ ఐపీ అడ్రసుతో నిమిత్తం లేదు. ఇంట్లో పదేళ్ళనాటి వైఫై పెట్టె ఉంటే మాత్రం, పాడైనప్పుడు కొత్తది కొనేటప్పుడు, ఇది ఐపీవీ6 పలుకుతుందా అని కొట్టువాడిని అడగండి. ధరలో పెద్ద తేడా ఉండదు.

పాత పద్ధతిని ఫలానా రోజున ఆపేస్తామని ఎవరూ తేదీ ప్రకటించలేదు. ప్రస్తుతానికి రెండూ చెల్లుతున్నాయి. కావలసినవారు ఫోనులో సెట్టింగులు తెరిచి, ఫోను గురించిన వివరాలలోకి వెళ్ళి, ఐపీ అడ్రసు అన్నచోట చూడవచ్చు. చాలా ఫోన్లలో రెండు వరుసలు కనిపిస్తాయి. చుక్కలున్నది 1977 నాటి లెక్క, జంట చుక్కలతో పొడుగ్గా ఉన్నది కొత్తది. నా ఫోనులో రెండూ ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకొని కొత్తదానిని ఒక కాగితం మీద దించుకున్నాను, ఒకటిన్నర వరుస పట్టింది.